సంతోషి ఫోనుకు వచ్చిన కబుర్లు

సంతోషి సొంతూరు మోత్కూరు పక్కన. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త దయాకర్ వెంట పట్నంలోని నాచారం వచ్చేసింది. మొదట్లో కంపెనీల మధ్య ఒక రేకుల గదిలో ఉన్నారు. వానాకాలం వస్తే మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టుకునేవాళ్లు. తర్వాత కాస్త నిలదొక్కుకుని చిల్కానగర్‌లో వెంకటరామయ్య గారింటి వెనక వాటాలోకి మారారు. ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యాడు. భార్య కనకమహాలక్ష్మిది విజయనగరం వైపు. ఇంటివాళ్లన్న గీర లేదు, కూర మిగిలితే గిన్నె పంపేది.

దయాకర్‌కు ట్రాలీ ఆటో ఉంది. నాచారం కంపెనీల నుంచి సరుకు ఎక్కించుకుని ఎక్కడ దింపమంటే అక్కడ దింపి వస్తాడు. సంతోషిది మందులకు అట్టపెట్టెలు చేసే చిన్న కంపెనీలో గమ్ము అంటించే పని. పొద్దంతా నిలబడే చేస్తుంది. ఏడో తరగతి దాకా తెలుగులో చదువుకుంది. ఇంగ్లీషు అక్షరాలను విడివిడిగా గుర్తుపడుతుంది గానీ, వాటిని కలిపితే మాట తయారుకాదు.

తెలంగాణ గొడవలు మళ్లీ రాజుకున్న ఏడాదే ఆమెకు మొదటిసారి ఫోను వచ్చింది. ఓవర్‌టైం ఉన్నప్పుడు చెప్పడానికి అందరికీ నంబర్లుండాలన్నాడు సూపర్‌వైజర్. దయాకర్ నాచారం చౌరస్తాలో ఒక షాపులో పాత నల్ల ఫోను, కొత్త సిమ్ము కొని తెచ్చాడు. "నంబరు మంచిగున్నది, యాదికుంటది" అని మురిసిపోయాడు. ఆ నంబరు అంతకుముందు ఇంకెవరిదో అని, వాళ్లు వదిలేస్తే సిమ్ము కంపెనీ తిరిగి అమ్మిందని అప్పుడు ఆ ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

వారం తిరక్కుండానే మెసేజ్‌లు మొదలయ్యాయి.

మొదటిది పొద్దుగూకే వేళ వచ్చింది. సంతోషి బియ్యం కడుగుతోంది. ఓవర్‌టైమేమోనని చేతులు తుడుచుకుని చూసింది. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే, మధ్యలో అంకెలు. ఇంకా చూస్తుండగానే ఇంకొకటి వచ్చింది. ఫోను పట్టుకుని ముందు వాటాకు పోయింది.

కనకమహాలక్ష్మి కళ్లజోడు పెట్టుకుని చదివింది. "నోడ్ త్రీ... ఎన్ ఆర్ పి ఎల్... హిట్... సైజ్ ఎం... బ్యాట్ సెవెంటీ వన్." కాసేపు ఆలోచించి, "సైజ్ ఎం అంటే మీడియమమ్మా. ఏదో బట్టల షాపు వాళ్లయ్యుంటారు. నువ్వేమైనా నైటీలు కొన్నావా?" అంది.

"కొన్న ఆంటీ, హబ్సిగూడల. కానీ నంబరు ఇయ్యలే."

పడకకుర్చీలోంచి వెంకటరామయ్య నవ్వాడు. "నైటీలకు హిట్ ఎందుకే? హిట్ అన్నాడు, బ్యాట్ అన్నాడు, డెబ్బై ఒకటన్నాడు. పక్కనే ఉప్పల్ స్టేడియం. క్రికెట్ స్కోరు పంపుతున్నాడమ్మా, ఉత్తినే."

"ఇవాళ మ్యాచెక్కడుందండీ?" అంది ఆవిడ.

"లేదా?" అని ఆయన పేపర్ వెతికాడు. మ్యాచ్ లేదు.

బట్టల షాపో, క్రికెట్టో తేలకుండానే సంతోషి తిరిగొచ్చి పొయ్యి వెలిగించింది. మరునాడు తెల్లవారుతుండగా మళ్లీ వచ్చింది. సాయంత్రం మళ్లీ. ఒకరోజు రాదు, ఒకరోజు వరసగా వస్తాయి. ఎక్కువగా పొద్దుగూకే వేళకు, లేదంటే కోడి కూసే వేళకు. కంపెనీలో తోటివాళ్లను అడిగితే ఒకామె లాటరీ అంది. ఇంకొకామె, "జవాబిచ్చినవంటే పైసలు కోసుకుంటరు, ముట్టకు" అని భయపెట్టింది. సంతోషి ముట్టలేదు. ఎవరో ఏదో గట్టిగా చెబుతున్నారు, తనకే వినబడటం లేదు అన్నట్టుండేది ఆమెకు.

దయాకర్ మొదట్లో పట్టించుకోలేదు. తర్వాతర్వాత అన్నం తింటూ, ఫోను మోగగానే ముద్ద ఆపి ఆమె మొహం చూడటం మొదలుపెట్టాడు.

"రోజూ గదే టైముకెందుకొస్తది?"

"నాకేం ఎరుక?"

"ఎవలు పంపుతున్నరు?"

"ఎరుకైతే జెప్పనా?"

మెసేజ్ వచ్చే నంబరుకు అతనే ఫోన్ చేశాడు. మోగింది, ఎవరూ ఎత్తలేదు. మళ్లీ చేశాడు. ఒకరోజు ఆమె ఫోను తనే తీసుకుపోయాడు. మెసేజ్‌లు ట్రాలీలో అతని జేబులో మోగాయి. సాయంత్రం ఇంటికొచ్చి, వచ్చిన వాటన్నిటినీ ఒక్కొక్కటే ఫోన్లోంచి పీకేస్తూ, తలెత్తకుండా అడిగాడు.

"సైజు ఎం అంటే నీ సైజే గద?"

సంతోషికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తీగ మీద ఆరేసిన నైటీ, మెడ వెనక చిన్న గుడ్డముక్క, దాని మీద ఆ అక్షరం కళ్లముందు మెదిలాయి. చెప్పాల్సిన జవాబు తనకు నిజంగానే తెలియదు. తప్పు చేయలేదని తెలుసు. అయినా ఆ మెసేజ్‌లు తన నంబరుకే ఎందుకు వస్తున్నాయో చెప్పలేనంతవరకు, తన మాట తనకే డొల్లగా వినబడేది. ఆ తర్వాత ఇద్దరూ మాట్లాడుకోవడం తగ్గించారు. ఉప్పు లేదని, నీళ్లొచ్చాయని, అంతవరకే.

బతుకమ్మ పండుగకు కొంచెం ముందు, ఒక మధ్యాహ్నం సంతోషి టేబుల్ దగ్గర ఉండగా గోడకు తగిలించిన టిఫిన్ సంచీలో ఫోను మోగింది. మళ్లీ మోగింది. మళ్లీ, మళ్లీ. ఎర్రటి ఎండలో ఎప్పుడూ రాలేదు. పక్కవాళ్లు నవ్వారు, సూపర్‌వైజర్ ఇటు తిరిగి చూశాడు. ఆమె గమ్ము చేతులతోనే ఫోను తీసుకుని బయటి వరండాలోకి వచ్చింది. అప్పుడే దయాకర్ ఫోన్.

"సంతోషీ, ఇప్పుడు మెసేజ్‌లు వచ్చినయా?"

"మస్తు వచ్చినయి. ఏమైంది?"

"ఆకరుది తీసి, సైజు కాడ ఏమున్నదో సూడు."

ఆమె చూసింది. "ఎం లేదు. వేరే అక్షరం. ఎల్లు."

"జర ఆగు. నేను కదలకుంట నిలబడ్డ. వస్తుందా?"

"లే, వస్తలే."

"ఇప్పుడు నడుస్తున్న."

ఆమె చెవి దగ్గరే ఫోను బీప్‌మంది. సంతోషి ఉలిక్కిపడింది. "వచ్చింది! నువ్వు పంపుతున్నవా?"

"నేను ఏం పంపుతలేనే! ఉత్తగ నడుస్తున్న, గంతే!" దయాకర్ గొంతు ఎప్పుడూ లేనంత ఎత్తున ఉంది. "నారపల్లిల ఉన్న. ఒక ప్లాట్లకాడ తలుపులు దింపనీకి వచ్చిన. మక్క చేను పక్కకు రాతి కడీకి ఒక డబ్బా కట్టిన్రు. దాని మీద నోడ్ త్రీ అని రాసున్నది. దాని ముంగట నడిస్తే నీకు మెసేజ్ వస్తున్నది!"

సంతోషి వరండా మెట్టు మీద కూర్చుండిపోయింది. మనిషి నారపల్లిలో నడిస్తే నాచారంలో తన సంచీ మోగడమేంటి? "గట్లెట్లయితది?" అంది.

"నాకేం సమజైతలే. ఐతారం వద్దువు, ఇద్దరం పోయి సూద్దాం."

ఆదివారం ట్రాలీలో పోయారు. ఉప్పల్ దాటాక బోర్డులే బోర్డులు, రంగురంగుల రాళ్లు పాతిన ప్లాట్లు. వాటి వెనక అడవి అంచుకు ఆనుకుని ఇంకా మిగిలిన కాసిన్ని చేన్లు. డబ్బా అక్కడే, పాతిన రాతి స్తంభానికి కట్టి ఉంది. బూడిదరంగు ప్లాస్టిక్ పెట్టె, పైన అరచేయంత సోలార్ పలక, ముందువైపు రెండు నల్లటి గాజుకళ్లు. ఒకటి పైన, ఒకటి కింద. సంతోషి దాని ముందు నిలబడి మెల్లగా చెయ్యి కదిపింది. సంచీలో ఫోను మోగింది. తనను ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏయ్, ఎవలు మీరు? దాన్ని ముట్టకున్రి!" అంటూ చేను లోంచి ఒక పెద్దావిడ వచ్చింది. ఆమె సాలమ్మ. ఆ చేను కౌలుకు చేస్తోంది. భర్త లేడు. ఇద్దరూ చెప్పింది విని, నడుముకు చెయ్యి పెట్టుకుని ఆమె డబ్బా వైపు, సంతోషి వైపు మార్చి మార్చి చూసింది.

"ఘట్‌కేసర్ కాలేజీ పిల్లలు వచ్చి కట్టిన్రు బిడ్డా. అడవిపంది అస్తే ఫోను మోగుతది అన్నరు. నాకైతే ఒక్కనాడు మోగలే. పందులు అచ్చుడు అస్తనే ఉన్నయి, మక్కలు తినుడు తింటనే ఉన్నయి. నేను దీని మీద తువ్వాల ఆరేసుకుంటున్న."

"నాకు మోగుతున్నది పెద్దమ్మా," అంది సంతోషి. "రోజూ."

"నీకా? నీకెందుకు?"

దయాకర్ డబ్బా చుట్టూ తిరిగి చూశాడు.

డబ్బా పక్కన కాలేజీ పేరు అతికించి ఉంది. మరో రోజు సెలవు పెట్టుకుని అక్కడికీ పోయారు. చాలాసేపు కూర్చున్నాక స్నిగ్ధ అనే లెక్చరర్ బయటికొచ్చింది. చిన్న వయసే. విషయం వినగానే ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"అది ఇంకా పనిచేస్తోందా? మెసేజ్‌లు ఆగిపోయాయని, పాడైపోయిందని మేం రాసేశామండీ!"

ఆమె చెప్పిందాన్ని బట్టి తెలిసిందేమిటంటే, ఆ పని మొదలుపెట్టిన సార్ ఉద్యోగం మారి పుణె వెళ్లిపోయాడు. కబురు చేరాల్సింది ఆయన నంబరుకు, అక్కణ్ణుంచి సాలమ్మకు చెప్పాల్సింది ఆయనే. ఆయన ఆ సిమ్ము వదిలేశాడు. డబ్బాకు ఆ సంగతి తెలియదు. పాపం, అది తన పని తాను చేసుకుపోతోంది. ఒంట్లో వేడి ఉన్నదేదైనా ముందునుంచి కదిలితే పట్టుకుంటుంది. కింది కన్నుకు మాత్రమే కనబడితే సైజు ఎం, రెండు కళ్లకూ కనబడితే ఎల్. ఎన్ ఆర్ పి ఎల్ అంటే నారపల్లి, హిట్ అంటే ఏదో కదిలిందని, బ్యాట్ అంటే బ్యాటరీలో ఎంత మిగిలిందో.

"అంటే ఎం వస్తే పందేనా మేడం?" అన్నాడు దయాకర్.

"పంది కావచ్చు. కుక్క కూడా ఎమ్మే వస్తుంది."

"మేక?" అంది సంతోషి.

"మేక కూడా."

"దూడ?"

స్నిగ్ధ ఇబ్బందిగా నవ్వింది. "ఇప్పటిదాకా వచ్చిన మెసేజ్‌లు చూపిస్తారా? ఏ వేళకు వచ్చాయో చూస్తే కొంత తెలుస్తుంది. మాకు చాలా అవసరం."

సంతోషి దయాకర్ వైపు చూసింది. దయాకర్ గోడ మీద క్యాలెండర్ వైపు చూశాడు. "నేనే పీకేసిన మేడం," అన్నాడు చివరికి. "ఎందుకు?" అని ఆమె మామూలుగానే అడిగింది. సంతోషికి అతన్ని చూస్తే జాలి వేయాలో, తగిన శాస్తి అనుకోవాలో తెలియలేదు. "ఫోను నిండిపోయిందండి" అని తనే సర్దిచెప్పింది. ఎందుకు సర్దిచెప్పిందో కూడా తెలియలేదు.

నంబరు మార్చాలంటే ప్రోగ్రాం కావాలని, అది పుణె సార్ దగ్గరే ఉండిపోయిందని, అడిగి తెప్పిస్తానని స్నిగ్ధ అంది. "అప్పటిదాకా మెసేజ్ వచ్చినప్పుడల్లా ఆ పెద్దావిడకు ఫోన్ చేసి చెప్పగలరా?"

సంతోషి తలూపి, సాలమ్మ నంబరు రాయించుకుంది.

అలా ఎవరూ పెట్టుకోని ఉద్యోగం ఒకటి ఆమెకు దొరికింది. సాయంత్రం ఫోను మోగితే, సైజు దగ్గర అక్షరం చూసి, సాలమ్మకు చేస్తుంది. "పెద్దమ్మా, ఎమ్మొచ్చింది." "అచ్చిందా బిడ్డా, పోతున్న." ఒక్కోసారి సాలమ్మ ఫోను పెట్టేయడం మరిచిపోయేది. నూనె డబ్బా మీద కట్టెతో కొట్టే చప్పుడు, "హో... హో" అనే కేక సంతోషికి వినబడేవి. ఒకనాడు ఎల్ వచ్చింది. "పెద్దమ్మా, ఎవరో మనిషొచ్చిండు, పైలం!" అని గాభరాగా చెబితే, "నేనే బిడ్డా, గడ్డి కోస్తున్న" అంది అవతలి నుంచి సాలమ్మ.

దయాకర్ తప్పయిందని ఎన్నడూ అనలేదు. కానీ అన్నం ముందు కూర్చోగానే, "ఇయ్యాల వచ్చినయా?" అని అడగడం అలవాటు చేసుకున్నాడు. అతను పందుల సంగతే అడుగుతున్నాడా, ఇంకేదైనా అడుగుతున్నాడా అని సంతోషి ప్రతిసారీ ఒక క్షణం తడబడేది. "వచ్చినయి" అనో, "రాలే" అనో చెప్పి కూర వడ్డించేది.

డిసెంబర్లో ఉద్యమం భగ్గుమంది. బంద్ మీద బంద్. ఒక బంద్ రోజు కంపెనీ మూసేశారు, బస్సుల్లేవు, వీధిలో పిల్లలు మాత్రం క్రికెట్ ఆడుకుంటున్నారు. పొద్దెక్కాక ఫోను మోగడం మొదలైంది. ఎం, ఎం, ఎం. ఆగడం లేదు. సంతోషి సాలమ్మకు చేసింది. ఎత్తలేదు. ఎన్నిసార్లు చేసినా మోగి మోగి ఆగిపోతోంది.

"రోడ్డు మీద బండ్లు లేవు గద, పందులకు భయం పోయింది. అన్నీ చేన్ల పడ్డయి," అంది భర్తతో. "పెద్దమ్మ ఒక్కతే. ఏమన్న పొడిసినయో ఏమో."

"బంద్ల ఎట్ల పోతమే?"

ఆమె మళ్లీ ఫోను చెవికి పెట్టుకుంది. దయాకర్ చెప్పులేసుకుని ముందు వాటాకు పోయాడు. వెంకటరామయ్య పాత స్కూటర్ నెట్టుకుంటూ తిరిగొచ్చాడు.

ఉప్పల్ చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయని విని, బోడుప్పల్ సందులు పట్టుకుని పోయారు. ఎక్కడ చూసినా షట్టర్లు దించి ఉన్నాయి. స్కూటర్ చప్పుడు తప్ప ఏమీ లేదు. వెనక కూర్చున్న సంతోషి ఇన్నాళ్లూ అడగనిది ఉన్నట్టుండి అడిగింది.

"గప్పుడు నువ్వు ఏమనుకున్నవ్?"

"ఎప్పుడు?"

"సైజు అడిగినప్పుడు."

అతను రెండు సందులు తిప్పాడు. "నాకేం సమజ్ కాలే సంతోషీ. సమజ్ కాకుంటే నాకు కోపమొస్తది," అన్నాడు.

అది క్షమాపణో, తన గుణం చెప్పుకోవడమో ఆమెకు తేలలేదు. అయినా జారిపోకుండా అతని భుజం మీద చెయ్యి వేసింది.

చేను దగ్గరికి చేరేసరికి కంకులన్నీ ఎప్పుడో కోసేసి ఉన్నాయి. ఎండిన మక్క దంట్ల మధ్య ఒక మేకల మంద తీరికగా మేస్తోంది. డబ్బా ముందు నుంచి ఒక మేకపిల్ల గెంతింది. సంతోషి ఫోను మోగింది. సాలమ్మ చెట్టు నీడన కూర్చుని చింతకాయ నలగ్గొడుతోంది. ఫోను చార్జింగ్‌కని పక్క ప్లాట్ల వాచ్‌మన్ గదిలో పెట్టి మరిచిపోయిందట.

"గీ మేకల కోసం బంద్ల గింత దూరం అచ్చిన్రా?" అని ఆమె విరగబడి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, సంతోషి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. జొన్నరొట్టె, పచ్చి చింతకాయ తొక్కు పెట్టింది. ముగ్గురూ తిన్నారు.

తిరిగొచ్చేటప్పుడు పొద్దు వాలుతోంది. వరంగల్ రోడ్డు పొడవునా ఖాళీగా, ఇంత వెడల్పా అనిపించేట్టు పడుంది. ఎదురుగా కొన్ని నల్లటి ఆకారాలు రోడ్డు దాటుతూ కనబడితే దయాకర్ స్కూటర్ ఆపాడు. ముందొక పెద్దది, వెనక నాలుగైదు పిల్లలు. ఏ తొందరా లేదు వాటికి. దాటి, ప్లాట్ల రాళ్ల మధ్యకు దిగి కనబడకుండా పోయాయి.

"అడవి పందులా?" అంది సంతోషి.

"ఊర పందులేమో. బస్తీలల్ల కూడ గిట్లనే ఉంటయి."

"అడవి పందులకున్నట్టు వీపు మీద ఎంట్రుకలు నిలబడున్నయి గద?"

"నాకు కనబడలే."

ఇన్ని నెలలు తన ఫోనులో నడిచినవి ఇవేనా అనుకుంది. అడుగుదామంటే ఎవరిని అడగాలి?

ఎండాకాలం వచ్చేసరికి యజమాని ఆ చేను అమ్మేశాడు. జేసీబీ దిగిన రోజు ఫోను ఆగకుండా ఎల్, ఎల్ అని మోగింది. సాయంత్రానికి ఆగిపోయింది. ఆ తర్వాత మళ్లీ మోగలేదు. స్నిగ్ధ పుణె నుంచి ప్రోగ్రాం తెప్పించుకుని వెళ్లేసరికి రాతి కడీ లేదు, డబ్బా వెంచర్ ఆఫీసు వెనక మట్టికుప్పలో దొరికింది. సంతోషికి ఫోన్ చేసి థాంక్స్ చెప్పింది. మీవల్ల మాకు చాలా తెలిసిందండీ అంది. ఏం తెలిసిందని సంతోషి అడగలేదు.

సాయంత్రాలు కొన్నాళ్లు వెలితిగా ఉండేవి. బియ్యం కడుగుతూ ఉత్తినే ఫోను వైపు చూసేది. ఒకసారి కనకమహాలక్ష్మి, "నీ పందులు రావడం లేదా అమ్మా?" అని అడిగితే, సొంతవాళ్ల సంగతి అడిగినట్టు అనిపించింది ఆమెకు.

సాలమ్మ బీబీనగర్‌లో కూతురి దగ్గరికి పోతూ, ఒకరోజు చిల్కానగర్ వెతుక్కుంటూ వచ్చింది. సంచీలో కొన్ని పల్లికాయలు, ఒక సొరకాయ తెచ్చింది. అన్నం తిన్నాక వీపు గోడకు ఆనించి కూర్చుంది. సంతోషి ఎంతో కాలంగా లోపల దాచుకున్నది అడిగింది.

"పెద్దమ్మా, నేను ఫోన్ జేసినప్పుడల్లా పందులు నిజంగ ఉంటుండెనా?"

సాలమ్మ పల్లికాయ ఒలుస్తూ ఆలోచించింది. "ఒకపారి ఉంటుండె, ఒకపారి లేకుంటుండె. ఒకపారి నాకు లేవ చాతకాక, పొయ్యి కాన్నే కూసోని నూనె డబ్బా కొడుతుంటి."

"మరి పోతున్న అంటుంటివి గద?"

"నువ్వు ఫికర్ జేస్తవని."

"అయితే మక్కలు దక్కినయా, దక్కలేదా?"

"కొన్ని దక్కినయి బిడ్డా. నీ ఫోన్‌తోని దక్కినయో, పందులే ఇడిసినయో, నాకేమెరుక?" అని గుప్పెడు గింజలు ఆమె చేతిలో పోసింది. "కానీ రోజు ఒకామె ఫోన్ జేస్తది అని ఉంటుండె. పొద్దుగూకితే సూస్తుంటి."

తను చేసింది పనికొచ్చిందో లేదో సంతోషికి ఇంకా తెలియలేదు. ఆ ముసలామె తనకు మేలు చేసిందో, తనే ఆమెకు చేసిందో కూడా తేల్చుకోలేకపోయింది. దయాకర్ ట్రాలీ బయటికి తీశాడు. ముగ్గురూ ముందు సీట్లో ఇరుక్కుని ఉప్పల్ రింగురోడ్డు దాకా పోయారు. బీబీనగర్ బస్సు కిక్కిరిసి వచ్చింది. దయాకర్ సంచీ అందిస్తే, సాలమ్మ మెట్టు మీద నిలబడి, "ఫోన్ జెయ్యి బిడ్డా, ఉత్తగనే" అని అరిచింది.

"ఏమని జెయ్యాలె?" అంది సంతోషి. బస్సు కదిలింది. సాలమ్మ ఏదో చెప్పింది గానీ, హారన్ల మోతలో వినబడలేదు.